సున్నపు బట్టీ బూడిద

(పదకొండో వారం)

పోయిన వారం సంగవ్వను మడి ఒడ్డు మీద నిలబెట్టి వచ్చాం. ఆమె కాళ్ళ ముందు రెండు వరిమళ్ళు, ఎదురుగా తీర్పు చెప్పే ఇద్దరు పంచులు, పక్కన మరిది. ఈ కథను ఇవాళే చేతిలోకి తీసుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

యుద్ధం రోజులు. కర్ఖేలికి కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో కుంట కింద రెండు మళ్ళు దేవన్నవి. దేవన్న పాము కుట్టి పోయి మూడేళ్ళయింది. భార్య సంగవ్వ, తల్లి గంగుబాయి మిగిలారు. తమ్ముడు రామకిషన్ ఎప్పుడో వేరుపడ్డాడు. అన్న పోయి దినాలైనా కాకముందే ఆ మళ్ళ మీద కన్ను వేశాడు. ఆడదాని చేతిలో తరిపొలం ఆగమవుతుందని పంచుల చెవి దగ్గర జోరీగలా పాడి పాడి చివరికి ఒక తీర్పు చెప్పించుకున్నాడు. ఈ కారు రెండు మళ్ళూ నిలబెడితే పొలం సంగవ్వదే. ఏ ఒక్క మడి తప్పినా పొలం రామకిషన్‌ది, ఆడవాళ్ళిద్దరికీ ఏటా తిండిగింజలు మాత్రం కొలిచి ఇస్తాడు. ఇది ధర్మమట!

ఆ ఏడు సంగవ్వ దగ్గర ఉన్నది పదిహేను బండ్ల పెంట ఎరువు. రెండు మళ్ళకు ఇరవై బండ్లు కావాలి. ఏం చేయాలా అని తల పట్టుకున్న రోజుల్లోనే వ్యవసాయ శాఖ ఇన్స్పెక్టరు ఆనందం ఊరికి వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పెంటకుప్పలను దూరం నుంచే చూసి, పటేల్ ఇంట్లో కోడికూర తిని, పోతూ పోతూ ఒక్కటి మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు. పది బండ్ల పెంట పోసే చోట అయిదు బండ్లు పోయండి, మిగతా అయిదింటి బదులు సర్కారు ఇచ్చే తెల్ల ఉప్పు చల్లండి, పెంట నిదానంగా వేరుకు తిండి పెడుతూ ఉంటుంది, ఉప్పు చేతిలో పెట్టిన బెల్లం ముక్కలా అప్పటికప్పుడు సత్తువ ఇస్తుంది, రెండూ ఉంటే మడికి లోటు ఉండదన్నాడు. సంగవ్వ నమ్మింది. పై మడికి పది బండ్లూ పోసింది. కింది మడికి అయిదు బండ్లు పోసి, రాఖీ పున్నమి మరునాడు సగం ఉప్పు చల్లింది. మిగతా సగం మొక్క లోపల వెన్ను కట్టే చిరుపొట్టకు ముందు చల్లాలని కుండలో దాచింది.

ఇప్పుడు పొలాల అమావాస్య వెళ్ళి అయిదో రోజు. పై మడి చిలకపచ్చగా ఊగుతోంది. కింది మడి కామెర్లు వచ్చిన మనిషిలా పసుపుబారి, మొలకెత్తి తప్పుచేసినట్టు నిలబడి ఉంది.

"నేను ఏమన్న అనేది లేదు. కండ్లున్నయి గదా, మీరే చూడుండ్రి" అన్నాడు రామకిషన్.

మొదటి పంచు పోచన్న ఒడ్డు దిగాడు. అరవై దాటిన మనిషి, వరి తప్ప మరొకటి ఎరగడు. మోకాలి లోతు బురదలోకి పోయి ఒక దుబ్బును వేళ్ళతో విడదీసి చూశాడు. "పిలకలు లెవ్వు బిడ్డా. ఆకలి మీదున్నది మడి" అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది గాని జాలితో పొలం నిలవదు.

రెండో పంచు బాబురావ్ పటేల్. ఆయన ఒడ్డు దిగలేదు. కాళ్ళకు కొత్త చెప్పులు. అరచేతిలో తంబాకు పోసుకుని, నడుముకున్న డబ్బీలోంచి ఇంత సున్నం తీసి, బొటనవేలితో తీరుబడిగా నలిపి పెదవి కింద పెట్టుకున్నాడు. కాసేపు చప్పరించి తుపుక్కున ఉమ్మాడు. ఎక్కడ? కింది మడిలోకే. ఎలాగూ పోయిన మడి కదా అన్నట్టు.

మట్టిరంగు ఆ ఉమ్మి నీళ్ళ మీద తేలుతూ వచ్చి ఒక మొక్క మొదట్లో ఆగింది. ఆ మొక్కను సంగవ్వ నాటింది. ఎండకు, వానకు నడుము వంచి ఒక్కొక్కటి నాటింది. ఉమ్మడానికి ఈయనకు ఊరంతా ఉంది.

"మా వదినె కష్టం చెయ్యలేదని నేననను" అని రామకిషన్ అందుకున్నాడు. గొంతులో బెల్లపు పాకం కారుతోంది. "చేసింది. గని ఉప్పు చల్లిన భూమి ఎక్కడన్న పండుతదా మామా? పగోడి పొలంల చల్లుతరు ఉప్పు. మా అన్న ఉంటె గిట్ల కానిచ్చునా?" అన్న పేరు రాగానే భుజం మీది తువ్వాల తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. తువ్వాల పొడిగానే ఉంది. ఆ సంగతి చూడడానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు, అయినా పటేల్ అయ్యో అన్నట్టు తల ఊపాడు.

సంగవ్వ ఏమని వాదిస్తుంది? మడి ఎదురుగానే ఉంది. ఇన్స్పెక్టరు వచ్చి నాలుగు మాటలు చెబుతాడేమోనని ఎదురుచూసింది. బాట బురదగా ఉంది, రావడం కుదరదని పొద్దున్నే కబురు వచ్చింది. పంట ఎట్లా పండించాలో చెప్పేవాడికి బురదంటే భయం! ఆయనకు చూపిద్దామని కుండలోంచి పిడికెడు ఉప్పు కొంగున ముడివేసుకుని వచ్చింది. ఇప్పుడు ఆ ముడి విప్పి అరచేతిలో పోసుకుంది. తెల్లగా, తడి తడిగా, మామూలు గల్లుప్పుకు చెల్లెలిలా ఉంది. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఏ వాసనా లేదు.

మళ్ళీ చూసింది. లేదు. మరి ఆనాడు అంత కంపు ఎక్కడినుంచి వచ్చింది?

ఆ రోజు కళ్ళకు కట్టింది. బస్తా విప్పగానే గంగుబాయి అడ్డం వచ్చింది. "ఉత్త ఉప్పు పొలంల చల్లుతరా బిడ్డా? పొలం గొడ్డువోతది. గింజలైనా బూడిదల కలిపే చల్లుతం గదా మనం, గిదిగూడ గంతే" అంది. ఆ ఇంట్లో తరతరాలుగా ఉన్న పద్ధతి అది. నారుమడిలో చల్లే గింజకు బూడిద పట్టించనిదే చేయి ఎత్తరు. సంగవ్వకూ అది సబబే అనిపించింది. పొయ్యి బూడిద ఎత్తబోతుంటే రామకిషన్ దేవుడిలా ఊడిపడ్డాడు, నెత్తి మీద పెద్ద గంప. "పొయ్యిల బూడిద ఏం సరిపోతది అవ్వా, సున్నపు బట్టీ కాడికెల్లి తెచ్చిన" అన్నాడు. ఏనాడూ ఇటు పుల్ల తీసి అటు పెట్టని మరిది గంప మోసుకొచ్చాడని అత్తాకోడళ్ళిద్దరూ మురిసిపోయారు.

ఆ తెల్లటి బూడిదలో ఉప్పు పోసి, ఎగరకుండా నాలుగు చుక్కల నీళ్ళు చల్లి కలపగానే ముక్కులు అదిరాయి. కళ్ళలోంచి నీళ్ళు ధార కట్టాయి. "మందు మంచి ఘాటుగున్నది, పని చేస్తది" అని గంగుబాయి దగ్గుతూనే సంబరపడింది. వేళ్ళు పగిలి నాలుగు రోజులు అన్నం కలుపుకోలేకపోయారు.

అలాంటి కంపు సంగవ్వ అంతకు ముందు ఒకే ఒక్కచోట చూసింది. పటేల్ గుర్రాల కొట్టంలో. ఏటా వేసవిలో అక్కడి పెంట తోలుకోవడానికి మొగుడితో బండి మీద పోయేది. ఒకసారి ఈగలు చావాలని పటేల్ మనుషులు కొట్టంలో సున్నం చల్లారు. లోపల కాలు పెట్టగానే కళ్ళు మండిపోయాయి. దేవన్న బండి వెనక్కి తిప్పాడు. "సున్నం జల్లిన పెంట నాకొద్దు. సత్తువంత ముక్కుల కెల్లి పోయింది, మిగిలింది గడ్డే" అన్నాడు. అప్పుడది నవ్వులాటలా తోచింది.

ఇప్పుడు తోచలేదు. సంగవ్వ తలెత్తి పటేల్ నడుము వైపు చూసింది.

"పటేలా, మీ సున్నం డబ్బి ఒకసారి ఇయ్యుండ్రి."

బాబురావ్ పకపకా నవ్వాడు. "క్యా బాత్ హై! తంబాకు గూడ షురూ చేసినవా సంగవ్వా?"

సంగవ్వ చేయి చాచి అలాగే నిలబడింది. నవ్వడం అయిపోయాక ఆయన డబ్బీ ఇవ్వక తప్పలేదు.

రామకిషన్ ముఖం అప్పుడు చూడాల్సింది. తేలు కుట్టిన దొంగ అంటారే, అచ్చం అదే. "పొద్దువోతున్నది మామా, ఎందుకు గీ ఆడోళ్ళ ఆటలు..." అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి, ఒడ్డు మీది ఇత్తడి చెంబు చేతిలోకి తీసుకున్నాడు. "నేను అట్ల పోయొస్త" అని చిటికెన వేలు చూపి జొన్నచేను చాటుకు దిగిపోయాడు. చెంబు పట్టుకున్నవాణ్ణి ఎవరు ఆపుతారు?

సంగవ్వ అరచేతిలో ఉప్పు సరిచేసుకుంది. గోటితో చిటికెడు సున్నం తీసి దాని మీద వేసింది. మడిలోంచి రెండు చుక్కల నీళ్ళు తీసుకుని, పటేల్ తంబాకు నలిపినట్టే బొటనవేలితో నలిపింది. నాలుగు తిప్పులు తిప్పిందో లేదో గప్పున వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని చేతిని పోచన్న ముక్కు దగ్గర పెట్టింది.

పోచన్న అదిరిపడి రెండు అడుగులు వెనక్కి వేశాడు. "థూ! గుర్రాల కొట్టం గదా ఇది!"

"ఉత్త ఉప్పు చూడు మామా" అని కొంగులో మిగిలింది ఇచ్చింది. పోచన్న వాసన చూశాడు, నాలిక చివరకు రాసుకున్నాడు, మళ్ళీ వాసన చూశాడు. ఏమీ లేదు. తరువాత ఆమె చేయి పట్టుకుని మళ్ళీ ముక్కు దగ్గరకు లాక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినా వదలలేదు.

"మేం ఉప్పుల కలిపింది సున్నపు బట్టీ బూడిద. రెండు గడియలు నానబెట్టి కలిపినం. అప్పుడు వచ్చిన కంపు గిదే. ఉప్పుల సత్తువ మడికి పోలే మామా, మా ముక్కులకు పోయింది. మడి తిన్నది అయిదు బండ్ల పెంటనే. ఆకలి గాకుంటె ఏమైతది?"

పోచన్న మడి వైపు తిరిగాడు. "మా బాపు పెంటకుప్ప మీద మన్ను కప్పుతుండె. కంపు బయటికి పోతే సత్తువ పోయినట్టేరా అంటుండె" అన్నాడు, తనలో తను మాట్లాడుకున్నట్టు. తరువాత తేరుకుని, "మరి బూడిద కలుపమన్నదెవరు?" అన్నాడు.

"అత్త అన్నది. కలిపింది నేను. తప్పు మా చేతులదే, కాదనను. బట్టీ బూడిద తెచ్చింది మాత్రం రామకిషన్. అడగకముందే తెచ్చిండు."

ఇంతలో బాబురావ్ నోరు జారింది. ఆ నోటికి ఎప్పుడూ కాపలా తక్కువ. "మరి వద్దని చెప్పంగ చెప్పంగ ఎట్ల తెచ్చిండు?" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు? ఏం చెప్పిన్రు?"

పటేల్ కాస్త తడబడ్డాడు. కాని నోరు దాటిన మాట వెనక్కి పోదు. "అదే... ధర్మాబాద్‌ల ఊరోళ్ళ బస్తలు నాకు, రామకిషన్‌కు ఇచ్చేటప్పుడు ఇన్స్పెక్టర్ సాబ్ చెప్పిండు. రాఖ్ మత్ మిలానా, చూనా బిల్కుల్ మత్ మిలానా అని. బూడిద కలుపొద్దు, సున్నం అసలే కలుపొద్దని రెండు సార్లు చెప్పిండు. రామకిషన్ జీ హుజూర్, జీ హుజూర్ అన్నడు. నేను బండ్లనే కూసున్న."

సంగవ్వ నెమ్మదిగా అడిగింది. "మరి నాకు చెప్పకపోతిరి పటేలా?"

"నాకేమెరుక? వాడు చెప్పే ఉంటడనుకున్న."

"ఆనాడు మేం చల్లుతుంటె మీరు గీ ఒడ్డు మీదికెల్లే పోయిన్రు. అత్తాకోడళ్ళు ఏడ్సుకుంట చల్లుతున్నరేందని నవ్విన్రు. మా గంపల బూడిద కనవడలేదా?"

బాబురావ్ ఆమె చేతిలోంచి డబ్బీ తీసుకుని, మూత గట్టిగా బిగించి, నడుముకు దోపుకున్నాడు. "కాయ్ హో, ఊరోళ్ళ ఎవ్వారాలన్ని నేనే చూస్కోవాల్నా?" అని మరాఠీ తెలుగు కలిపి గొణిగాడు.

సంగవ్వకు కోపం రావాలి. రాలేదు. కోపం సాటి మనిషి మీద వస్తుంది. ఆమెకు వచ్చింది అసహ్యం. మరిది సంగతి సరే, వాడికి పొలం కావాలి, దొంగకు దొంగబుద్ధి. ఈయనకేం కావాలి? ఏమీ అక్కర్లేదు. ఒక్క మాట చెబితే ఒక మడి బతికేది, రెండు ప్రాణాలు నిలిచేవి. ఆ మాట ఖర్చు కూడా దండగ అనుకున్నాడు. పైగా ఇవాళ పంచు అని తలపాగా చుట్టుకుని తీర్పు చెప్పడానికి వచ్చాడు. సంగవ్వ అరచేతిలో గుర్రాల కొట్టం కంపు కొడుతోంది. దానికంటే ఈ మనిషే ఎక్కువ కంపు కొడుతున్నాడని ఆమెకు అనిపించింది. కాలువ దగ్గరకు పోయి మట్టి పెట్టి చేయి రెండుసార్లు కడుక్కుంది. చేతి వాసన పోయింది.

"సరే బిడ్డా" అన్నాడు పోచన్న. "నీ మాట నిజమని నా ముక్కు చెప్తున్నది. వరి చెప్పాలె ఇంక. మిగిలిన ఉప్పు ఉన్నదా?"

"ఇంట్ల కుండల ఉన్నది."

"తే పో. బూడిద లేకుంట, సున్నం లేకుంట, ఉత్త చేతులతోని మా కండ్ల ముందట చల్లు. దసరా నాడు వచ్చి చూస్తం. పచ్చబడి పొట్ట పోసుకుంటె పొలం నీదే. అప్పుడు ఎవడు నోరెత్తినా నాతోని మాట్లాడాలె."

బాబురావ్ పొద్దు వైపు చూశాడు. "నాకు కర్ఖేలిల పనున్నది. ఆ తుమ్మచెట్టు మీదికి పొద్దు దిగేదాంక ఆగుత. అప్పటికి చల్లకుంటె మాత్రం, ఇయ్యాల కండ్లతోని చూసిందే తీర్పు. ఇద్దరం పంచులం, నీ ఒక్కని మాట నడవదు పోచన్నా."

పోచన్న పళ్ళు నూరుకున్నాడు గాని ఆ మాట అబద్ధం కాదు. సంగవ్వ అప్పటికే కొంగు నడుముకు బిగించింది. పోబోతూ ఆగి చుట్టూ చూసింది. "రామకిషన్ ఏడి?"

"చెంబు పట్టుకపోయిండు గదా."

"ఇంతసేపా?" అన్నాడు పోచన్న. "చెరువు నింపుతున్నడా ఏంది?"

సంగవ్వకు నవ్వు రాలేదు. జొన్నచేను అవతల నుంచి ఊళ్ళోకి అడ్డబాట ఉంది. ఆ సంగతి గుర్తుకు రాగానే నడక పరుగైంది. ముడి ఊడి జుట్టు చెదిరినా సవరించుకోలేదు. బురదలో రెండుసార్లు జారింది. ఊళ్ళో కలుపుల కాలం, ఆడా మగా అంతా చేల మీదే ఉన్నారు. ఒక్క తలుపు తెరిచి లేదు, ఒక్క మనిషి ఎదురు రాలేదు. ఇంటికి పది అడుగుల దూరంలో ఉండగా ఆమె కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

కంపు. గుర్రాల కొట్టం కంపు.

వాకిలి దాటి, నట్టిల్లు దాటి, వెనక అర్రలోకి పోయింది. ఆ అర్రకు కిటికీ లేదు, సామాన్ల గది. తలుపులోంచి పడే వెలుగులో గంగుబాయి గంప ముందు గొంతుకూర్చుని ఉంది. ఉప్పు కుండ పక్కకు పడి ఉంది, ఖాళీగా. ముసలామె చేతులు మోచేతుల దాకా తెల్లగా బూడిదైపోయి ఉన్నాయి. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. కోడలిని చూసి నవ్వింది.

"అచ్చినవా బిడ్డా? అయిపోయింది సూడు. ఎంత ఘాటున్నదో! ఈ పారి మన మడి ఎట్ల కాదో సూస్త."

"అత్తా... ఎవరు కలుపమన్నరు?"

"నువ్వే చెప్పి తోలినవట గదా! రామకిషన్ ఉరుక్కుంట అచ్చిండు. పంచులు ఒప్పుకున్నరు, జల్ది కలిపి పెట్టుమన్నది వదినె అన్నడు. మన కొట్టంల మిగిలిన బట్టీ బూడిద ఆయనే ఎత్తుకచ్చి పోసిండు. నీళ్ళు గూడ ఆయనే చల్లిండు. పాపం, తల్లి చేతులు నొస్తయని."

కడుపారా కన్న తల్లి. పగిలిన చేతులు. ఆ చేతులతోనే ఆమె నోటి కూడును బూడిద చేయించాడు. బూడిదలో పోసిన పన్నీరు అని ఊరికే అంటుంటారు, పోయించినవాడు కొడుకైతే దాన్ని ఏమంటారో ఎవరూ చెప్పలేదు.   సంగవ్వ ముసలామెకు ఏం చెప్పాలి? నీ కొడుకు నీ చేతులతోనే మన గొంతు కోశాడని చెప్పాలా? అంత దగ్గరగా నవ్వుతున్న ముఖానికి ఆ మాట ఎట్లా చెబుతారు?

మళ్ళీ గాలి ఎగపీల్చింది. కంపు గుప్పున కొట్టింది. ఆ కంపులోనే ఆమెకు ఉపాయం తట్టింది. కంపు బయటికి పోతే సత్తువ పోయినట్టే అన్నాడు కదా పోచన్న! అంటే గంపలో సత్తువ ఇంకా ఉంది. ఇప్పుడిప్పుడే పోతోంది. ఆనాడు రెండు గడియలు నానబెట్టి, నీళ్ళ పైన పైనే చల్లారు. ఇవాళ నానబెట్టేది లేదు. ఉరికి పోయి, మడి నీళ్ళు తీసేసి, బురదలోకి తొక్కి పైన మన్ను కప్పేస్తే? పెంటకుప్ప మీద కప్పినట్టు?

"లెవ్వు అత్తా, గంప నెత్తికెత్తు. ఇప్పుడే పోవాలె. ఒక్క గడియ ఆగితె ఏం మిగలదు."

"ఏమైందే? ఎందుకట్ల వణుకుతున్నవ్?"

"పొలంల చెప్త. ఎత్తు ముందు!"

గంగుబాయి లేచి గంపకు చేయి వేసింది. ఇద్దరూ కలిసి ఎత్తబోతుండగా గదిలో వెలుగు చప్పున తగ్గింది. తలుపు మూసుకుంది. బయటినుంచి గొలుసు పైకి లేచి కొండికి తగిలిన చప్పుడు వినబడింది.

సంగవ్వ గంప వదిలి తలుపు మీద పడింది. ఏడుస్తూ భుజంతో గుద్దింది, కాలితో తన్నింది. ఆ తలుపు దేవన్న చేయించింది, టేకుది. కదల్లేదు. ఊళ్ళో మనిషి లేడు, అరిచినా వినేవాడు లేడు. కుంట దగ్గర తుమ్మచెట్టు వైపు పొద్దు దిగుతూ ఉంటుంది. గాలి ఆడని అర్రలో కంపు చిక్కబడింది. పోతున్నది తమ పొలమేనని ఆమెకు ప్రతి శ్వాసలో తెలుస్తోంది.

"ఎవరది?" అంది గంగుబాయి, దగ్గుతూ. "రామకిషనా? నువ్వేనా బిడ్డా?"

ముసలామె మసక చీకట్లో తడుముకుంటూ తలుపు దాకా వచ్చింది. బూడిద చేతులు తలుపుకు ఆనించి నిలబడింది. సంగవ్వ ఏడుపు విన్నది, తలుపు సందులోంచి పడే సన్నటి వెలుగులో గంప వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. కోడలు చెప్పలేకపోయిన మాట ఆమెకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇంతసేపూ ఘాటుకు కారిన కళ్ళు ఒక్కసారి ఆగిపోయాయి.

"అరే రామకిషన్" అంది, మెల్లగా, చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్టు. "లోపట నేను గూడ ఉన్న గదరా."

బయట ఇత్తడి చెంబు గోడకు తగిలింది. తరువాత అడుగులు వాకిలి దాటి దూరమయ్యాయి.